అయిదో తూటా ఎటు పోయింది?

“ఎన్ని కాల్చావు బాబాయ్?”

“అయిదు.”

“కార్డు మీద ఎన్ని పడ్డాయి?”

“నాలుగు.”

“మరి అయిదోది?”

మేస్త్రి తల వంచుకున్నాడు. “కోచ్ భుజంలోంచి పోయింది కదమ్మా. నా రైఫిలే తప్పింది. ఎక్కడ తేడా వచ్చిందో తెలిస్తే చాలు, తర్వాత ఏ జైలుకి పంపినా పోతాను.”

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. “అడగ్గానే ఒప్పుకునే ముద్దాయిని చూడడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. మీరొచ్చి నా పని తేలిక చేశారు మేడం. ఇక ఇంటికెళ్లి చెంపకి కాపడం పెట్టుకోండి.”

ఆమె ఎడమ చెంప నిజంగానే బూరెలా పొంగి ఉంది. నిన్న మధ్యాహ్నం పన్ను పీకించుకుంది. నోరు తెరిస్తే దవడ సలుపుతోంది. నోరు మూసుకుంటే ఈ ముసలాయన సాయంత్రానికి జైల్లో ఉంటాడు. అలాంటప్పుడు దవడ మాట ఎవరు వింటారు? పోలీసు శాఖలో ఆమెకి కందిరీగ అని పేరు పెట్టింది కూడా ఈ ఇన్‌స్పెక్టరే. డిటెక్టివ్ వృత్తిలో ఉన్నదానికి ఆ పేరు బిరుదులాంటిదేనని ఆమె ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు.

జరిగిన సంగతి ఇది. ఈ షూటింగ్ రేంజ్‌లో పోటీ రైఫిళ్లు బాగుచేసేది మేస్త్రి. బాగుచేసిన ప్రతి రైఫిల్‌నీ వారానికోసారి, మధ్యాహ్నం పూట, వంద మీటర్ల దూరంలో కార్డు పెట్టి అయిదు తూటాలు కాల్చి పరీక్షిస్తాడు. కాల్చే బల్లకీ కార్డుకీ మధ్యలో కుడిపక్కన ఒక చెక్కగది ఉంది. అందులో ఒకరు కూర్చుని దుర్భిణిలో కార్డు చూస్తూ, తూటా ఎక్కడ పడిందో రేడియోలో చెబుతారు. మామూలుగా ఆ పని కందిరీగది. నిన్న ఆమె డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్న వేళకి, ఆ గదిలో కోచ్ కూర్చున్నాడు. మేస్త్రి నాలుగు తూటాలు ఒకే చోట గుచ్చి అయిదోది కాల్చాడు. కోచ్ కుర్చీతో సహా పడిపోయాడు.

కోచ్‌కి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గాని మత్తు ఇంకా దిగలేదు. మేస్త్రికి కళ్లు ఆనడం లేదు, ఆయన్ని పనిలోంచి తప్పించండి అని కమిటీకి మొన్ననే చెప్పింది ఆ కోచే. ఇన్‌స్పెక్టర్‌కి అంతకన్నా ఏం కావాలి?

“నాలుగు తూటాలు ఒకే కన్నంలో పెట్టిన చెయ్యి, అయిదోదాన్ని సరిగ్గా తన ఉద్యోగం తీసేయించబోయినవాడి భుజంలో పెట్టింది,” అన్నాడు. “ఇది పొరపాటంటే నేను చంటిపిల్లాణ్ణి. మధ్యాహ్నం కోర్టులో పెడతాను. హత్యాయత్నం.”

“నేను రైఫిల్ తిప్పలేదు బాబూ,” అన్నాడు మేస్త్రి. “కార్డు చట్రానికి ఇనప స్తంభాలుంటాయి. తూటా జారి వాటికి కొట్టుకుని ఎగిరి ఉంటుంది.”

“అలాగైనా అజాగ్రత్తే. అదీ కేసే. గొయ్యి కావాలో నుయ్యి కావాలో మీరే తేల్చుకోండి.”

కందిరీగ బల్ల దగ్గరికి నడిచింది. “రైఫిల్ చూడనిస్తారా?”

“చూడండి. నా కళ్లెదురుగా. తొడుగులు వేసుకుని.”

ఆమె రైఫిల్‌ని రెండు చేతులా ఎత్తుకుంది. చేతులకి ఆ బరువు బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె కూడా ఇదే రేంజ్‌లో పోటీలకి కాల్చిన పిల్ల. ఎంపిక పోటీ చివరి తూటా జానెడు పక్కకి పోయింది. ఆడపిల్ల, చేతులు వణికాయన్నారు. ఇంటికి పొమ్మన్నారు. తండ్రి కూడా అదే నమ్మాడు. నమ్మనిది ఈ మేస్త్రి ఒక్కడే. ఆ రైఫిల్ పట్టుకెళ్లి నిద్రాహారాలు మాని విప్పి చూశాడు. రైఫిల్ మీది దుర్భిణిని పట్టి ఉంచే మరకి వెంట్రుకంత పగులు. ఆ మర తెచ్చి పెద్దల బల్ల మీద పడేసి, “పిల్ల చెయ్యి వణకలేదు, ఇది వణికింది,” అన్నాడు. ఆ మాట లేకపోతే ఆమె తనని తానే నమ్మేది కాదు. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పనికీ అడుగున ఆ మాటే ఉంది. కన్న తండ్రి ఇవ్వలేని ధైర్యం ఇచ్చిన మనిషి ఇవాళ తల వంచుకుని కూర్చున్నాడు.

“ఏడుపు తర్వాత. ముందు మరలు,” అనుకుంది.

దుర్భిణిని పట్టి ఉంచే మరలు నాలుగూ బిగుతుగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ తీసి వెలుతురులో తిప్పి చూసింది. పగులు లేదు. గొట్టాన్ని కింది కర్రపిడికి బిగించే పెద్ద మరలూ అంతే. సన్నటి కాగితం ముక్క మడిచి గొట్టానికీ కర్రకీ మధ్య దూర్చి, ముందునుంచి వెనక్కి లాగింది. ఎక్కడా పట్టెయ్యలేదు. గొట్టం కర్రని తాకితే తూటా ఒక్కోసారి ఒక్కో దారి పడుతుంది. ఇక్కడ ఆ గోల లేదు. దూది తీసి గొట్టం మూతి చుట్టూ రాసింది. సూదిమొనంత గాటున్నా దూది పీచు పట్టుకుంటుంది. పీచు పట్టుకోలేదు.

“తూటాలు?”

“ఒకే పెట్టెలోవి,” అన్నాడు మేస్త్రి. “పొద్దున ఒక్కొక్కటీ తూచాను. ఒకదానికొకటి తేడా లేదు. గొట్టం కడిగి ముందు రెండు మట్టికట్టలోకి కాల్చాను, కడిగిన నూనె వల్ల మొదటిది పక్కకి పోతుందని. ఆ తర్వాతే కార్డు మొదలెట్టాను. అన్నీ సరిగ్గానే చేశాను తల్లీ. అయినా తప్పింది. నా కళ్లే అయ్యుంటాయి. కోచ్ చెప్పింది నిజమే.”

“ఎన్ని చూసినా ఫలితం ఒకటే మేడం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “రైఫిల్‌లో తప్పు లేదంటే మనిషిలో ఉన్నట్టు. నాకు కావలసిందీ అదే. మీరు నా తరఫున బాగా వాదిస్తున్నారు.”

ఆ వెటకారం ఆమెకి తగిలింది. నిజమే. రైఫిల్ మంచిదని రుజువు చేసేకొద్దీ బాబాయ్ మెడకి ఉచ్చు బిగుస్తోంది. రైఫిల్‌ని మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

తూటా పక్కకి పోయిందని వినగానే మేస్త్రి మరల మీద పడ్డాడు. ఆమె కూడా అదే చేసింది, ఆయన నేర్పిన పిల్ల కదా. తుపాకులు బాగుచేసేవాళ్ల జబ్బే అది. తప్పు ఎక్కడ జరిగిందని వెతుకుతారే తప్ప, అసలు జరిగిందా అని అడగరు. ఒంట్లో బాగాలేదని వచ్చినవాడు అబద్ధం చెబుతున్నాడేమోనని వైద్యుడికి తోచనట్టే.

“ఇన్‌స్పెక్టర్ గారూ, కార్డు చూపించండి.”

ఆయన పారదర్శకమైన సంచీలో ఉన్న కార్డు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో ఒకటే చిరుగు, నాలుగు రేకుల పువ్వులా ఉంది. “నాలుగు రేకులు, నాలుగు తూటాలు. ఒకటో తరగతి లెక్క.”

“అయిదోది ఆ నాలుగింటి మధ్యలోంచి పోతే రేకు ఎలా వస్తుంది?”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “పోయిందనడానికి సాక్ష్యం?”

“చట్రం దగ్గరికి పదండి.”

“ఎందుకు? దానికి నిన్ననే సీలు వేశాను. స్తంభాలూ చూశాను. తూటా దెబ్బ ఒక్కటీ లేదు. ఎగిరొచ్చిందన్న మీ బాబాయ్ కథ అక్కడే కొట్టుకుపోయింది.”

“సీలు వేసినందుకు మీకు రుణపడి ఉంటాను,” అందామె. ఈసారి వెటకారం లేదు, మనస్ఫూర్తిగానే అంది. కందిరీగ నోట ఆ మాట ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ వినలేదు.

ముగ్గురూ గడ్డి మీద నడిచి వెళ్లారు. మట్టికట్ట దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు పొద్దుటినుంచీ పారలతో తవ్వుతున్నారు. కోచ్ భుజంలోంచి దూసుకుపోయిన తూటా ఎదురుగా తెరిచి ఉన్న చోటునుంచి బయటికి పోయి కట్టలో పడి ఉంటుందని ఇన్‌స్పెక్టర్ లెక్క. దొరికినవి ముప్ఫై ఏళ్ల పాత సీసం ముక్కలు.

చట్రం దగ్గరికి రాగానే ఆమె చెవి ఒగ్గింది. సన్నగా కిర్రు కిర్రుమంటూ ఏదో తిరుగుతోంది.

మేస్త్రి మొహం మారిపోయింది. “ఇది తిరుగుతోందేమిటి?”

“ఏమిటది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“గోడ గడియారం మోటారు సార్. కార్డు వెనక బెత్తెడు ఎడంలో కాగితం చుట్ట ఒకటి పెట్టాను. మోటారు దాన్ని మెల్లగా కిందికి లాగి కింది కండెకి చుడుతుంది. కార్డులో ఒకే కన్నంలోంచి ఎన్ని పోయినా, వెనక కాగితం కదులుతూ ఉంటుంది కాబట్టి దేని చిల్లు దానికి విడిగా పడుతుంది. ఎన్ని తగిలాయో ఎవరూ వాదించడానికి ఉండదు. అందరూ నవ్వేవారు, మేస్త్రిగారి చాదస్తం అని. కానీ దీని బ్యాటరీ అయిపోయి చాలా కాలమైంది. ఆగిపోయిందని నేనూ వదిలేశాను.”

కందిరీగ వంగి చూసింది. మోటారు పక్కన బ్యాటరీ కొత్తగా మెరుస్తోంది.

“నువ్వు వేశావా?”

“లేదమ్మా. ఒట్టు.”

“సీలు తీయండి,” అంది ఇన్‌స్పెక్టర్‌తో.

ఆయన ఒక నిమిషం తటపటాయించాడు. మూర్ఖుడే గాని అవినీతిపరుడు కాడు. ఆమె ఆయన మీద ఎంత మండిపడినా ఆ సంగతి మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదు. సీలు చింపి, కింది కండె తానే బయటికి తీశాడు. రాత్రంతా మోటారు తిరిగి కాగితం మొత్తం దానికి చుట్టుకుపోయి ఉంది. గడ్డి మీద మోకాళ్లూని మెల్లగా విప్పడం మొదలెట్టాడు. తెల్ల కాగితం. ఇంకా తెల్ల కాగితం. మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఒకటి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. చిల్లు అంచున నల్లటి మసి ఉంగరంలా ఉంది.

మూడు వేళ్ల ఎడంలో, “రెండు.”

“మూడు. నాలుగు.”

ఆయన చేతులు ఆగాయి. ఇంకొంచెం విప్పాడు. కాగితాన్ని ఎండకెదురుగా పట్టుకున్నాడు. ముందు నాలుగింటి వరసలోనే, అదే ఎడంలో, అదే నల్లటి అంచుతో ఇంకో చిల్లు ఉంది. దాన్ని ఆయన పైకి లెక్కపెట్టలేదు.

“గట్టిగా చెప్పండి సార్,” అంది కందిరీగ. “మా బాబాయ్ వినాలి.”

“అయిదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేస్త్రి గడ్డి మీద కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుని ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“నీ కళ్లకేం కాలేదు బాబాయ్. నాలుగింటి మధ్యలో పెట్టావు. నాకు చేతకాదు, ఈ రేంజ్‌లో ఎవరికీ చేతకాదు.”

“నువ్వు రాకపోతే నేనే చేశాననుకుని చచ్చిపోయేవాణ్ణి తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకోను?”

“నువ్వు ఎప్పుడో ఇచ్చిన అప్పుకి ఇది వడ్డీ కూడా కాదు,” అందామె. కన్నీళ్లు వాచిన చెంప మీదుగా జారుతుంటే మంట పుట్టింది. తుడుచుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ కాసేపు అటు తిరిగి మట్టికట్ట చూశాడు. మళ్లీ ఇటు తిరిగాడు. “తర్వాత ఎవరో గుచ్చారని కోర్టులో అడిగితే?”

“మీ సీలు అడ్డం ఉంది. నిన్నటినుంచీ మీ మనిషి కాపలా ఉన్నాడు.”

“సరే. ఈయన అయిదూ కార్డుకే కాల్చాడు. మరి కోచ్‌కి తగిలింది ఎవరిది? కార్డు మొదలెట్టాక గేటు కాపలావాడు విన్నది అయిదు మోతలే.”

“బాబాయ్ ప్రతి తూటాకీ ముందు గట్టిగా ఒక కేక వేస్తాడు, పోతోంది అని. గోడ అవతలికీ వినిపిస్తుంది. అక్కడ పొంచి నాలుగుసార్లు విన్నవాడికి, కేకకీ మోతకీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో తెలిసిపోదా? అయిదోసారి ఆ మోతలోనే తన మోత కలిపేశాడు.”

ఇన్‌స్పెక్టర్ చెక్కగది వైపు దారి తీశాడు. మెచ్చుకోవలసిన మాటేమిటంటే, ఆయనకి ఒకసారి బుర్రకెక్కితే ఇక పరుగే.

గది చిన్నది. ఎదురుగా కార్డు వైపు తెరిచి ఉన్న చోటు, అక్కడ మూడు కాళ్ల దుర్భిణి. వెనక గోడకి గాలికోసం ఒక కిటికీ. నేల మీద రక్తం ఎండిపోయి ఉంది. కుర్చీ పడింది పడినట్టే ఉంది, రక్తం అంటిన సరుకు కదపకూడదని ఎవరూ ముట్టుకోలేదు.

“ఫోటోలు తీశారుగా?” అందామె. ఆయన తల ఊపాడు. ఇద్దరూ చెరోపక్కా పట్టి కుర్చీ లేపారు.

కింద నేలపలకలో కొత్త చిల్లు ఉంది. చుట్టూ పేళ్లు లేచి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ జేబుకత్తి తీసి పలకని తొలిచాడు. వంగిపోయిన తూటా ఒకటి ఆయన అరచేతిలోకి దొర్లింది. ఇద్దరూ మేస్త్రి వైపు చూశారు.

ఆయన కళ్లజోడు సవరించుకుని దగ్గరికి పెట్టుకున్నాడు. “మా రైఫిల్‌ది కాదు. దీని నడుం లావు. మా గొట్టంలో ఇది దూరను కూడా దూరదు.”

“నా మనుషులు పొద్దుటినుంచీ మట్టి తవ్వుతున్నారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నీరసంగా.

“కట్టకి కాస్త మేలు చేశారు లెండి,” అంది కందిరీగ.

మేస్త్రి దగ్గర పురికొస తీసుకుంది. ఒక కొస నేలలోని చిల్లు దగ్గర ఇన్‌స్పెక్టర్ నొక్కి పట్టుకున్నాడు. కూర్చున్న మనిషి భుజం ఎత్తు మీదుగా ఆమె దాన్ని కిటికీలోకి లాగింది. మేస్త్రి కాల్చే బల్ల ఈ గది ఎత్తులోనే ఉంది. అక్కడినుంచి వస్తే పురికొస అడ్డంగా పోవాలి. అది పైకి పోతోంది. దాని వెంటే చూపు పోయింది, బల్ల మీదుగా, ప్రహరీగోడ మీదుగా, దాని వెనక కట్టడం ఆగిపోయిన భవనం మూడో అంతస్తుకి. అక్కడ గోడలు లేవు. స్తంభాలూ, నీడా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఫోను మోగింది. ఆసుపత్రిలో కాపలా ఉన్న కానిస్టేబుల్. కోచ్‌కి మెలకువ వచ్చిందిట, మాట్లాడతానంటున్నాడుట. ఇన్‌స్పెక్టర్ అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాడు.

“మేస్త్రిగారేరీ?” అంది నీరసమైన గొంతు. “ఆయన్ని ఏమీ అనకండి. అయిదోది కన్నంలోకే పోయింది. నేను దుర్భిణిలో చూస్తూనే ఉన్నాను, కాగితం అంచు అదిరింది, కొత్త చిల్లు పడలేదు. భేష్ అని రేడియోలో చెప్పబోతుంటే భుజం మీద పిడుగు పడింది.”

మేస్త్రి ఫోను దగ్గరికి వంగాడు. “బ్యాటరీ నువ్వే వేశావా నాయనా?”

“నేనే. మీ కళ్లు పోయాయని కమిటీకి చెప్పింది నేనే కదండీ. చెప్పినప్పట్నించీ మనసు మనసులో లేదు. నిజమో కాదో తేల్చుకుందామని పొద్దున్నే వేశాను. నాది తప్పని తేలితే మీ ఇంటికొచ్చి క్షమించమని అడుగుదామనుకున్నాను.”

మేస్త్రి ఫోనున్న ఇన్‌స్పెక్టర్ చేతినే రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఇది మీ మీద కక్షతో చేసిన పని. మీకు శత్రువులెవరైనా ఉన్నారా?” అడిగాడు ఇన్‌స్పెక్టర్.

“నాకా? పిల్లలకి తూటాలు పొదుపుగా వాడమని చెప్పేవాడికి శత్రువులేమిటి సార్.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “అక్కడ మేడం ఉన్నారా? ఆవిడకో మాట చెప్పాలి. చాలా మొహమాటంగా ఉంది.”

“ఉన్నాను, చెప్పండి,” అందామె.

“నిన్న వెనక కిటికీలోంచి ఎండ మెడ మీద పడుతుంటే, కొక్కేనికున్న మీ ఎర్ర టోపీ పెట్టుకున్నానండీ. మీ పాత కోటు కూడా భుజాల మీద వేసుకున్నాను. అడక్కుండా తీశాను. రెండూ రక్తంతో పాడైపోయాయి. లేచి తిరిగేసరికి కొత్తవి కొనిస్తాను.”

వారం వారం ఇదే వేళకి, ఇదే కుర్చీలో, కిటికీకి వీపు పెట్టి కూర్చునే ఎర్ర టోపీ ఎవరిదో గోడ అవతల మూడో అంతస్తు నుంచి చూసేవాడికి చెప్పక్కర్లేదు. పురికొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాని రెండో కొస తిన్నగా ఆ నీడల వైపు చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో వచ్చి, తన భారీ శరీరంతో కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు.

“మేడం, నేల మీద కూర్చోండి,” అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. “మాట్లాడకండి, కూర్చోండి. మేస్త్రిగారూ, మీరు కూడా.”

ఆమె కూర్చుంది. అడ్డం నిలబడ్డ ఆ వీపుని చూస్తే, ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎన్ని మాటలన్నానో అనిపించింది. ఆయన చేతిలోంచి ఫోను అందుకుంది. ఏదో చెప్పాలి. మీరు టోపీ పెట్టుకోకపోతే, నా పన్ను నొప్పి పుట్టకపోతే, ఈ తూటా ఎవరిలో దిగేదో తెలుసా అని చెప్పాలి. నోరు తెరిచింది గాని వెక్కిళ్లు తప్ప ఏమీ రాలేదు.

ఫోనులో కోచ్ గొంతు కంగారుపడింది.

“అయ్యో, ఏడుస్తున్నారా? ఆ టోపీ మీకంత ఇష్టమని తెలిస్తే ముట్టుకునేవాణ్ణే కాదండీ మేడం.”